రిఫరీ లేని ఆట

మన బడి మైదానమున ఆటలు జరుగునప్పుడు ఈలను చేతబట్టుకొని ఒక ఉపాధ్యాయుడు నిలిచియుండుట విద్యార్థులందఱు ఎఱిగిన విషయమే. చెడుగుడులో గీత దాటినవానిని అతడు వెలుపలికి పంపును. క్రికెట్టులో అంపైరు వ్రేలెత్తగానే ఆటగాడు మాఱుమాటాడక మైదానము విడిచిపోవును. ఈల లేనిచో ఆట ఏమగునో సాయంకాలము వీధిలో బిళ్ళంగోడు ఆడు పిల్లలను చూచినవారికి తెలియును. బిళ్ళ ఎచ్చట పడెను, కొలతలు ఎన్ని వచ్చెను అను వాదముతోనే సగము ప్రొద్దు గడచిపోవును. కావున ఆటకు నియమము ఎంత అవసరమో, ఆ నియమమును నడపు మనుష్యుడును అంత అవసరమని మనము సామాన్యముగా తలంతుము.

ఈ తలంపునకు భిన్నముగా నడచు ఆట ఒకటి లోకమున కలదు. అది గోల్ఫు. ఈ ఆటయందు ఒక చిన్న బంతిని కఱ్ఱలతో కొట్టుచు, దూరమున నేలలోనున్న రంధ్రమున పడవేయవలెను. సాధారణముగా ఒక పూట ఆటకు రంధ్రములు 18. తక్కువ దెబ్బలతో ముగించినవాడు గెలిచినవాడు. ఆడువారు చెట్ల నడుమను, ఇసుక గోతుల నడుమను, నీటి మడుగుల ప్రక్కను మైళ్లకొలది నడుతురు. ఒకని బంతి కుడిప్రక్క పొదలలోనికిని, వేఱొకని బంతి ఎడమప్రక్క గడ్డిలోనికిని పోవును. పొదలో బంతి కదలెనా లేదా, కొట్టినది నాలుగు దెబ్బలా అయిదా అనునది తఱచుగా కొట్టినవానికి మాత్రమే తెలియును. గొప్ప పోటీలలో తప్ప వెంట రిఫరీ ఉండడు. ఆటగాడే ఆడువాడు, ఆటగాడే సాక్షి, ఆటగాడే న్యాయాధిపతి.

మన విద్యార్థులలో గోల్ఫు కఱ్ఱను ముట్టినవారు బహు కొలదిమంది. అయినను ఈ ఆటను గూర్చి మన పత్రికలో వ్రాయ సాహసించుటకు కారణము కలదు. నా అభిప్రాయమును ముందుగానే చెప్పుదును. వినోదార్థము ఆడువారు సైతము తమ ఆట నియమములను చదివి తెలిసికొనవలెను. తెలిసికొనినవారు వానిని మొదట తమ మీదను, పిమ్మట మృదువుగా తోడివారి మీదను అమలు జరుపవలెను. తప్పును చూచి ఊరకుండుట మర్యాద అనిపించుకొనదు. ఈ మాటను నేను పుస్తకము వలన గాక నా సొంత తప్పిదము వలన నేర్చుకొంటిని.

కొన్ని సంవత్సరముల క్రిందట వేసవి సెలవులలో ఒక కొండ ఊరున మిత్రుని యింట కొన్ని దినములు ఉంటిని. ఆయన గోల్ఫునందు మిక్కిలి ప్రీతి గలవాడు. ఆ వారమున అచ్చటి క్లబ్బువారు ఒక చిన్న పోటీ పెట్టిరి. గెలిచినవానికి అరచేతిలో ఇముడునంతటి వెండి గిన్నె బహుమానము. ప్రతి ఆటగానికిని దెబ్బల లెక్క వ్రాసి సంతకము చేయుటకు మార్కరు అనువాడొకడు ఉండవలెను. మిత్రుడు కోరగా, కమిటీవారు సమ్మతించగా, నేను ఆయనకు మార్కరునైతిని. లెక్కలు చెప్పు ఉపాధ్యాయునికి 18 సంఖ్యలు వ్రాయుట ఎంత పని అని నవ్వుకొంటిని. నియమముల పుస్తకమును వారు నా చేతికిచ్చిరి గాని నేను దానిని విప్పలేదు.

పదుమూడవ రంధ్రమున మిత్రుని బంతి చెట్ల క్రిందికి పోయెను. బంతి ప్రక్కనున్న ఎండు పుల్లను ఆయన తీసివేయగా బంతి జానెడు దూరము దొర్లెను. ఆయన దానిని మరల మునుపటి చోటనే ఉంచి కొట్టెను. ఆయన నా వంక చూచెను, నేను ఆయన వంక చూచితిని. ఇది తప్పగునేమో అని నాకు సందేహము పుట్టెను. అయితే అతిథినై యుండి అడుగుట బాగుండదని ఊరకుంటిని. ఆయనయు నేను ఏమియు అనలేదు గనుక తప్పు లేదనుకొనెను. సాయంకాలము లెక్క సరిచూచి నేను సంతకము చేసితిని. ఒకే ఒక దెబ్బ తేడాతో వెండి గిన్నె మిత్రునికి వచ్చెను. రెండవవాడుగా నిలిచినవారు ఒక వృద్ధులు. ఆ దినముననే ఒక చోట తన బంతి తన వలన కదలెనని, ఎవరును చూడకున్నను, ఆయన తానే చెప్పి ఒక దండన దెబ్బ కలుపుకొనెనని తరువాత వింటిని.

మఱునాటి రాత్రి నిద్రపట్టక ఆ పుస్తకమును విప్పితిని. పుల్లలు, ఆకులు, రాళ్లు మొదలగు వదులు వస్తువులను ఆటగాడు తీసివేయవచ్చును. అయితే రంధ్రము చుట్టునుండు నున్నని పచ్చికయైన గ్రీన్ మీదను, ఆట మొదలుపెట్టు టీ స్థలమునను తప్ప, అట్లు తీయుటవలన బంతి కదలినచో ఒక దండన దెబ్బ కలుపుకొని బంతిని యథాస్థానమున ఉంచవలెను. మిత్రుడు సగము సరిగానే చేసెను. మిగిలిన సగము మా ఇరువురికిని తెలియదు. ఆ ఒక్క దెబ్బ కలిపినచో ఇరువురును సమానులై యుండెడివారు.

ఉదయమున ఈ సంగతి చెప్పగా మిత్రుని ముఖము వెలవెలపోయెను. ఆయన ఆ గడియలోనే కమిటీవారి యొద్దకు పోయెను. వారు పుస్తకము చూచి, పోటీ ముగిసినది గనుక, ఆటగానికి అప్పుడు తెలియని దండనను ఇప్పుడు కలుపుటకు వీలులేదనియు, ఫలితము మాఱదనియు చెప్పిరి. నియమము ప్రకారము వారు చెప్పినది సరియే. అప్పుడు మిత్రుడు గిన్నెను తీసికొని ఆ వృద్ధుల యింటికి పోగా నేనును వెంట పోతిని. ఆయన దానిని ముట్టుకొనలేదు. కోపపడను లేదు. "నాయనా, ఆ పుస్తకము మొన్ననే చదివియుండవలసినది" అని మాత్రము అనెను. ఆ మాట ఆయన మిత్రునితో అనెను గాని, అది నాకు తగిలినది.

ఇందులో మోసము చేసినవాడెవడును లేడు. అయినను అన్యాయము జరిగెను. తెలియమి ఒకటి, మొగమాటము ఒకటి, ఈ రెండును కలిసి దొంగ చేయు పనినే చేసినవి. తెలిసిన తరువాత దానిని దిద్దుటకు దారియు లేకపోయెను. కావుననే తెలిసికొనుట మొదటి విధియనియు, సమయమునకు నోరు విప్పుట రెండవ విధియనియు నేను చెప్పుచున్నాను.

ఈ నియమములు ఎవరో అధికారులు ఆటగాండ్రను బాధించుటకు పుట్టించినవి కావు. నేటికి నిలిచియున్నవానిలో మిక్కిలి పురాతనమైన గోల్ఫు నియమములు స్కాట్లండు దేశమున ఎడిన్‌బరో నగరముచెంతనున్న లీత్ అను చోట ఆడుకొను పెద్దమనుష్యులు 1744 సంవత్సరమున ఒక వెండి కఱ్ఱ బహుమానపు పోటీకై వ్రాసికొనినవి. అవి 13 మాత్రమే. మనుష్యుడుగాని గుఱ్ఱముగాని కుక్కగాని బంతిని ఆపినచో అది ఆగిన చోటునుండియే ఆడవలెనని వానిలో ఒకటి. ఒక పుటలో ఇముడు ఆ నియమములను ఆడువారే వ్రాసికొని, ఆడువారే పాటించిరి. మన దేశమునను కలకత్తాలో 1829 సంవత్సరముననే గోల్ఫు క్లబ్బు వెలసినది. సెంట్ ఆండ్రూసునందలి ఆర్ అండ్ ఏ వారును, అమెరికా గోల్ఫు సంఘమువారును 1952 సంవత్సరమున కలిసి లోకమంతటికిని ఒకే నియమావళి ఏర్పఱచిరి. 2019 సంవత్సరమున దానిని మిక్కిలి సులభపఱచి, 34 నియమములను 24కు తగ్గించిరి. పోయిన బంతిని వెదకుటకు మునుపు 5 నిమిషముల గడువు ఉండగా ఇప్పుడు 3 నిమిషములే. బంతిని మరల ఆటలోనికి వదలునప్పుడు మునుపు భుజము ఎత్తునుండి వదలుచుండిరి, ఇప్పుడు మోకాలి ఎత్తునుండి. 2023 సంవత్సరమునను మఱికొన్ని సవరణలు జరిగినవి. ఇరువది సంవత్సరముల క్రిందట నేర్చినవాడు సైతము మరల చదువవలసియున్నది.

నియమములనగా దండనలేయని తలంచువారు వానిని చదువనివారు. వానిలో సగము ఆటగానికి సహాయము చేయునవే. బంతి బండ్ల బాటమీదగాని, వాన నీరు తాత్కాలికముగా నిలిచిన చోటగాని, జంతువు త్రవ్విన బొక్కలోగాని పడినచో, చాలవఱకు దండన లేకయే ప్రక్కకు తీసి ఆడవచ్చును. వెదకుచుండగా పొరబాటున కాలు తగిలి బంతి కదలినచో దండన లేదు. ముండ్లపొదలో చిక్కిన బంతిని ఒక దండన దెబ్బతో వెలికి తీయుటకు మూడు మార్గములు కలవు. నియమము తెలియనివాడు ఆ పొదలోనే ఆరు దెబ్బలు వ్యర్థముగా కొట్టి, చేతులు గీరుకొని వచ్చును. తెలియమివలన తోడివానికే కాదు, తనకును నష్టమే.

ఇక వినోదార్థము ఆడువారిలో వాడుకగా మాఱిన తప్పులు కొన్ని కలవు. మొదటి దెబ్బ చెడినచో దానిని లెక్కింపక మరల కొట్టుట ఒకటి. దీనిని మల్లిగన్ అందురు, నియమములలో దీనికి చోటు లేదు. రంధ్రమునకు దగ్గఱగా వచ్చిన బంతిని పడినట్లే ఎంచి చేతితో ఎత్తికొనుట ఇంకొకటి. ఇద్దఱు ఎదురెదురుగా రంధ్రమొకటొకటిగా గెలుచుకొను ఆటలో ఎదిరి ఇట్లు విడిచిపెట్టవచ్చును. అందఱి దెబ్బలను కూడి లెక్కించు ఆటలో ఎవనికిని ఆ అధికారము లేదు. పోయిన బంతికి బదులు అక్కడనే ఒక బంతిని వదలి ఒక దెబ్బ మాత్రము కలుపుకొనుట మూడవది. ఒక దెబ్బ దండనతో వెనుకకు పోయి, కొట్టిన చోటునుండియే మరల కొట్టవలెనని నియమము. అందుకొఱకే, బంతి పోయెనేమో అను అనుమానము కలుగగానే, ముందుగా చెప్పి మఱొక బంతిని కొట్టియుంచుకొను సదుపాయము కలదు. అంతియు గాక, మామూలు ఆటలలో కాలయాపన కాకుండ రెండు దండన దెబ్బలతో ముందునుండియే ఆడనిచ్చు స్థానిక నియమమును 2019 నుండి కమిటీలు పెట్టుకొనవచ్చును. వినోదార్థము ఆడువాని కష్టము నియమకర్తలకు తెలియనిది కాదు. ఆ సదుపాయములను తెలిసికొనక, సొంత నియమములను కల్పించుకొనుట ఏల?

నియమము తెలిసినవాడు దానిని అమలు జరుపుటెట్లు? మొదట తన మీద. అమెరికా దేశస్థుడైన బాబీ జోన్సు జీవనమునకై గాక ప్రీతికొఱకే ఆడినవాడు. 1925 సంవత్సరమున తన దేశపు ఓపెన్ పోటీలో, పొడవైన గడ్డిలో, తాను కొట్టుటకు సిద్ధపడుచుండగా బంతి కదలెనని ఆయన తానే చెప్పెను. అది చూచినవారు వేఱెవరును లేరు. అధికారులు తీర్పును ఆయనకే విడిచిరి. ఆయన ఒక దెబ్బ కలుపుకొనెను. 72 రంధ్రములు ముగిసినప్పుడు ఆయనయు విల్లీ మక్‌ఫార్లేనును సమానులైరి. తీర్పు కొఱకు మరల 36 రంధ్రములు ఆడగా జోన్సు ఒక్క దెబ్బతో ఓడెను. ఆ దండన లేనిచో మొదటనే గెలిచియుండెడివాడు. ఆయన అనేక పోటీలు గెలిచెను గాని, ఈ ఓటమిని చెప్పుకొనక ఆయన చరిత్రను ముగించువారు అరుదు.

లెక్కయందును జాగ్రత్త అట్టిదే. 1968 సంవత్సరమున మాస్టర్సు పోటీ కడపటి దినమున అర్జెంటీనా దేశస్థుడైన రోబెర్తో ద విసెన్సో పదునేడవ రంధ్రమున 3 దెబ్బలే కొట్టెను. తోడి ఆటగాడు పొరబాటున 4 అని వ్రాసెను. విసెన్సో సరిచూడక సంతకము చేసెను. తాను కొట్టినదానికంటె తక్కువ వ్రాసినచో ఆటగాడు పోటీనుండియే తొలగింపబడును. ఎక్కువ వ్రాసినచో ఆ ఎక్కువయే నిలుచును. కావున 65 దెబ్బలు 66 అయినవి, సమానుడు కావలసినవాడు రెండవవాడయ్యెను. ఆ దినము ఆయన జన్మదినము. పరీక్ష పత్రమును మరల చదువక ఇచ్చివేయు విద్యార్థులారా, ఈ సంగతి మీకొఱకు కూడ వ్రాసితిని.

రెండవది తోడివారి మీద. ఇక్కడనే మొగమాటము అడ్డుపడును. ఎదురెదురుగా ఇద్దఱే ఆడునప్పుడు ఎదిరి తప్పును చూచి ఊరకుండుటకు నాకు స్వాతంత్ర్యము కలదు, ఏలయన నష్టము నాకే. కాని తెలిసిన నియమమును విడిచిపెట్టుదమని ఇద్దఱును కూడబలుకుకొనినచో ఇద్దఱును తొలగింపబడుదురు. అనేకులు పాల్గొను దెబ్బల లెక్క ఆటలోనైతే, ఆ చోట లేనివారి హక్కు నా చేతిలో ఉన్నది. నేను క్షమించునది నా సొత్తు కాదు, ఆ వృద్ధుల సొత్తు. అందువలన అట్టి ఆటలో తప్పును చూచినవాడు ఆలస్యము చేయక చెప్పవలెనని నియమావళియే విధించుచున్నది.

అయితే ఎట్లు చెప్పవలెను? తప్పు జరిగిన పిమ్మట పట్టుకొనుటకంటె, జరుగకమునుపు హెచ్చరించుట మేలు. నలుగురిలో గాక ప్రక్కకు వచ్చి నెమ్మదిగా చెప్పుట మేలు. తప్పుచేసిన సహోదరునితో మొదట ఒంటరిగా మాటలాడుమని ప్రభువు బోధించిన క్రమము ఆట మైదానమునకును చెల్లును. "మీరు తప్పు చేసితిరి" అనుటకంటె "ఇక్కడ నియమమేమో ఒకసారి చూతమా?" అని పుస్తకము విప్పుట మేలు. ఇద్దఱికిని సందేహమైనచో, దెబ్బల లెక్క ఆటలో రెండు బంతులతో ఆ రంధ్రమును ముగించి, ఏది చెల్లునో కమిటీవారి తీర్పునకు విడువవచ్చును. కలహము లేకుండ సందేహమును తీర్చుటకు ఇంతకంటె చక్కని ఉపాయము ఏ ఆటలోను నేను చూడలేదు. తన కంటిలోని దూలమును మఱచి ఎదుటివాని నలుసును వెదకువాడు మాత్రము ఈ పనికి తగడు.

ఇందుకు కొందఱు ఆక్షేపించుదురు. "మేము సెలవు దినమున సంతోషము కొఱకు ఆడువారము, మాకు ధర్మశాస్త్రమేల?" అందురు. ఈ ఆక్షేపణలో కొంత న్యాయము కలదు. నలుగురు మిత్రులు కలిసి, నేడు లెక్క లేకుండ ఆడుదమని ముందుగానే చెప్పుకొని ఆడినచో ఎవనికిని నష్టము లేదు. అయితే ఆ పూట వచ్చిన సంఖ్యను నిజమైన స్కోరని చెప్పుకొనరాదు. ఏలయన గోల్ఫులో హ్యాండికాపు అను ఏర్పాటు ఒకటి కలదు. బలహీనుడు బలవంతునితో సరిగా పోటీపడుటకు, అతని పూర్వపు స్కోర్లను బట్టి కొన్ని దెబ్బలు తగ్గింతురు. 2020 నుండి దీనికి లోకమంతటికిని ఒకే పద్ధతి ఏర్పడినది. కావున ఒక ఊరున వ్రాసిన అబద్ధపు సంఖ్య వేఱొక ఊరున ముఖమెఱుగని మనుష్యునికి అన్యాయము చేయగలదు. తక్కువ వ్రాసికొనువాడు గర్వముచేతను, ఎక్కువ వ్రాసికొనువాడు బహుమానపు ఆశచేతను వ్రాసికొనును. ఇద్దఱిదియు తప్పుడు తూనికయే.

అమలునకును హద్దు ఉండవలెనని నేను ఒప్పుకొందును. 2017 సంవత్సరమున అమెరికాలో జరిగిన గొప్ప స్త్రీల పోటీలో లెక్సీ థాంప్సను అను ఆమె గ్రీన్ మీద తన బంతిని ఎత్తి కొంచెము తప్పు చోట పెట్టెనని, టెలివిజనులో చూచినవారొకరు మఱునాడు వ్రాసి పంపిరి. ఆట నడుమనే ఆమెకు 4 దెబ్బలు కలిపిరి: తప్పు చోటికి రెండు, దానివలన తప్పైన స్కోరు కార్డునకు రెండు. కడకు ఆమె ప్లేఆఫులో ఓడెను. ఆ పిమ్మట ఇంటిలో కూర్చుండి చూచువారి ఫిర్యాదులను 2018 నుండి స్వీకరింపకుండ మానిరి. తెలియని దండనకై స్కోరు కార్డు విషయమున మఱి రెండు కలుపుటయు తీసివేసిరి. ఇది మంచి మార్పని నా తలంపు. నియమమును కాపాడు భారము దూరమునుండి తొంగిచూచువానిది కాదు; ప్రక్కన నడచుచున్నవానిది. అయితే ప్రక్కన నడచువాడు నోరు మూసికొనినచో దూరమువాడు నోరు తెఱచుటకు చోటు కలుగునని మఱువరాదు.

తలిదండ్రులకు ఒక మనవి. మీ బిడ్డ ఆటనుండి వచ్చినప్పుడు "గెలిచితివా?" అని అడుగుటతోపాటు "లెక్క సరిగా చెప్పితివా?" అనియు అడుగుడు. తోడి ఉపాధ్యాయులకు ఒక మనవి. ఆట నేర్పునప్పుడు నియమముల పుస్తకమును బీరువాలో దాచక పిల్లల చేతికిండు. ఈలను ఒక్కొక్క దినము జేబులో పెట్టుకొని, వారే తీర్పు చెప్పుకొనునట్లు విడువుడు. కొంత అల్లరి జరుగును, జరుగనిండు.

విద్యార్థులారా, మీ జీవితమున ఎక్కువ భాగము రిఫరీ లేని మైదానమే. అంగడి లెక్కలోను, కచేరీ కాగితములోను, పొదలోని బంతివంటి సంగతులు ప్రతి దినమును తటస్థించును. ఆ వేళ నియమము తెలియకుండుట సాకు కాదు, తెలిసి ఊరకుండుట స్నేహము కాదు. నా మేజామీద ఆ పాత నియమముల పుస్తకము ఇప్పటికిని ఉన్నది. పదుమూడవ రంధ్రమున నేను అడుగని ప్రశ్నను అది నాకు ప్రతి దినము జ్ఞాపకము చేయుచున్నది. మీరు అడుగుడు, సమయము మించకమునుపే అడుగుడు.